వడియాల పిండి పడి చేయి కాలింది, ఇప్పుడు ఏం చేయాలి?

వంటింటి కిటికీ (నల్లగొండ):
అందరికీ నమస్కారం. కాస్త తొందరగా జవాబు చెప్పండి. మా అత్తమ్మ సగ్గుబియ్యం వడియాల కోసం పిండి ఉడికించి గిన్నె దించుతుంటే మసిగుడ్డ జారింది. పిండి కుడి చేతి మీద పడింది. చేతి వెనుక భాగం, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎర్రగా కందిపోయాయి. ఒకచోట బొబ్బ లేస్తోంది. అంటుకున్న పిండిని వెంటనే కడిగేశాం. గంట దాటినా మంట తగ్గడం లేదు. ఇరుగుపొరుగు వారిలో ఒకరు టూత్‌పేస్ట్ పూయమంటున్నారు, ఒకరు సిరా పోయమంటున్నారు, ఇంకొకరు పసుపు కలిపిన నూనె తెచ్చారు. నేను ఏదీ పూయనివ్వలేదు. చేతికి గాజులు, ఉంగరం అలాగే ఉన్నాయి. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది.

కృష్ణ ఒడ్డు (నాగర్‌కర్నూల్, స్టాఫ్ నర్సు):
అమ్మా, ముందు ఉంగరం, గాజులు తీయించండి. చదవడం ఆపి ఆ పని చేసి రండి. కాలిన చేయి చూస్తుండగానే వాచిపోతుంది. వాచాక ఉంగరం వేలిని బిగించి రక్తం అందకుండా చేస్తుంది. సబ్బు నీళ్లు రాస్తే గాజులు జారతాయి. బొబ్బ మీదుగా లాగకండి. ఉంగరం రాకపోతే బలవంతం చేయవద్దు, ఆసుపత్రిలో కత్తిరిస్తారు. బంగారం పోతుందని ఆలోచించే సమయం కాదిది.

తర్వాత చల్లని నీళ్లు. చేతిని కుళాయి ధార కింద పెట్టి 20 నిమిషాలు ఉంచాలి, గడియారం చూసి. ధార సన్నగా ఉండాలి. గంట దాటింది కదా, ఇంకేం లాభం అనుకోకండి. కాలిన 3 గంటల లోపు ఎప్పుడు చేసినా ఉపయోగం ఉంటుంది. వేడి వస్తువు చేతి మీద నుంచి పోయినా, ఆ వేడి చర్మంలో ఉండిపోయి లోపలి పొరలను దెబ్బతీస్తూనే ఉంటుంది. నీళ్లు దాన్ని బయటికి లాగేస్తాయి. రెండు చెంబులు పోసి ఆపేస్తే పైపైన చల్లబడుతుంది, లోపల వేడి అలాగే ఉంటుంది. వడియాల పిండి మామూలు వేడి నీళ్ల లాంటిది కాదు, చర్మానికి అంటుకుని వేడిని పట్టి ఉంచుతుంది. గంజి, బెల్లం పాకం కూడా అంతే.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సిందే. చేయి కాలడం, బొబ్బ లేవడం, షుగర్ ఉండటం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా వెళ్లమంటాను.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):
నర్సమ్మగారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన మాట కలపాలి. ఇది మే నెల. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు మధ్యాహ్నం పూట స్నానానికి కూడా పనికిరానంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లను చల్లని నీళ్లు అనుకుని కాలిన చేతి మీద పోస్తే మంట తగ్గదు సరికదా, కొన్ని ఇళ్లలో పెరుగుతుంది కూడా. ముందు మీ రెండో చేత్తో నీళ్లు పట్టి చూడండి. నేలలోని సంపు నీళ్లు, బోరు నుంచి నేరుగా వచ్చే నీళ్లు, ఇంట్లో నీడన పెట్టిన బిందె నీళ్లు, రంజను నీళ్లు, ఏవి చల్లగా ఉంటే అవి వాడండి. తాగే నీళ్లే కావాలని లేదు, శుభ్రంగా ఉంటే చాలు.

వంటింటి కిటికీ:
గాజులు వచ్చాయి. సబ్బు పెట్టాక ఉంగరం కూడా వచ్చింది. మీరన్నట్టు ట్యాంకు నీళ్లు వేడిగానే వస్తున్నాయి. రంజను నీళ్లు బేసిన్‌లో పోసి, చేయి పెట్టించి, పై నుంచి చెంబుతో పోస్తున్నాం. ఫ్రిజ్‌లో ఐసు ఉంది, అది కలపవచ్చా?

కృష్ణ ఒడ్డు:
చేతికి ఐసు తగలనివ్వకండి. కాలిన చర్మానికి అప్పటికే రక్తం సరిగా అందదు. ఐసు పెడితే రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయి, బతికే చర్మం కూడా చచ్చిపోతుంది. నీళ్లు మరీ వేడిగా ఉన్న ఇంట్లో బకెట్‌లో కాస్త ఐసు వేసి, పూర్తిగా కరిగాక ఆ నీళ్లు వాడితే తప్పు లేదు. మీకు రంజను ఉంది కాబట్టి ఆ అవసరం లేదు. బేసిన్‌లో నీళ్లు గోరువెచ్చగా మారగానే పారబోసి కొత్తవి పోయండి.

పానగల్ గట్టు (నల్లగొండ):
మాది బోరు నీళ్లు. మర్రిగూడ వైపు మా బంధువుల ఇంట్లోనూ అంతే. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు కాలిన గాయం మీద పోస్తే పుండు పడుతుందని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

కృష్ణ ఒడ్డు:
కాదు. ఫ్లోరైడ్ నీళ్లను ఏళ్ల తరబడి తాగితే, వాటితో వండుకుంటే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. కాసేపు చేతి మీద పోసినందుకు ఏమీ కాదు. నీళ్ల విషయంలో భయపెట్టి చేయి కాలిన మనిషిని ఊరికే కూర్చోబెట్టకండి.

డిండి అలుగు (దేవరకొండ):
అందరూ పూతలు వద్దంటున్నారు. మా నాయనమ్మ కలబంద గుజ్జు పూసేది, కొబ్బరి నూనెలో సున్నపు తేట కలిపి రాసేది. మా ఇంట్లో ఎన్నో కాలిన గాయాలు అలాగే మానాయి. దవాఖానా లేని తండాలో మనిషి ఏం చేయాలి? పెద్దలు చెప్పినవన్నీ తప్పేనా? కోపంతో కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

కృష్ణ ఒడ్డు:
అన్నా, అడగవలసిన మాటే అడిగారు. పైపైన ఎర్రబడి, బొబ్బ లేవని గాయం ఏ పూతా లేకుండానే వారం లోపు మానుతుంది. నాయనమ్మ పూసింది, గాయం మానింది, కాబట్టి పూత వల్లే మానిందని అందరికీ అనిపిస్తుంది. కలబందను నేను పూర్తిగా తోసిపుచ్చను. బాగా చల్లబరిచిన తర్వాత, చర్మం చిట్లని చోట, శుభ్రంగా కడిగి తీసిన గుజ్జు రాస్తే హాయిగానే ఉంటుంది. అయితే అది నీళ్లకు బదులు కాకూడదు. బొబ్బ పగిలిన చోట పెరటి మట్టి అంటిన మట్ట గుజ్జు పెడితే చీము పట్టే ప్రమాదం ఉంది.

నూనె, నెయ్యి, వెన్న కాలిన వెంటనే రాయకూడదు. జిడ్డు చర్మం మీద పొరలా కప్పుకుని వేడిని లోపలే ఉంచేస్తుంది. టూత్‌పేస్ట్‌లోని పుదీనా చల్లగా ఉన్నట్టు అనిపింపజేస్తుంది, వేడి మాత్రం పోదు. ఎండిన పేస్టును డాక్టరు గీకి తీయాల్సి వస్తుంది, ఆ బాధ చూడలేం. సిరా, పసుపు, కాఫీ పొడి ఏది పూసినా గాయం అసలు రంగు కనబడదు. గులాబీ రంగులో ఉందా, తెల్లగా పాలిపోయిందా అన్నది చూసే కాలిన లోతు అంచనా వేస్తాం. సున్నం గురించి వేరే చెప్పనక్కరలేదు, అదే చర్మాన్ని కాలుస్తుంది.

తండాలో ఏం చేయాలన్నారు. నీళ్లు, ఉతికిన నూలుగుడ్డ. ఈ రెండూ ప్రతి తండాలో ఉన్నాయి. నీళ్లకు కటకట ఉన్న చోట గుడ్డను తడిపి కప్పి, పైన చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ ఉండవచ్చు. గుడ్డ వెచ్చబడిన కొద్దీ మార్చాలి.

మగ్గం గుంట (చండూరు):
మా వైపు ఇళ్లలో అద్దకం పని ఉంది కాబట్టి ఈ మాట రాయకుండా ఉండలేను. నూలుకు రంగు వేసే గుండిగలో మరిగే నీళ్లే కాదు, కాస్టిక్ సోడా కూడా ఉంటుంది. అది పడితే మొదట మంట తెలియదు. చేయి సబ్బు రాసుకున్నట్టు జారుడుగా ఉంటుంది, అంతే. ఏమీ కాలేదనుకుని పని చేసుకుంటూ పోతే సాయంత్రానికి లోతుగా తినేసి ఉంటుంది. దానికి 20 నిమిషాలు చాలవు. ధార కింద చాలాసేపు, గంట వరకూ కూడా కడుగుతూనే ఉండాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసం, చింతపండు పులుసు పోసేవాళ్లను చూశాను. రెండూ కలిసి ఇంకా వేడి పుడుతుంది. నీళ్లే విరుగుడు. కంట్లో చిందితే కన్ను తెరిచి పట్టుకుని, మంచి కంటి వైపు నీళ్లు పోకుండా పక్కకు వంచి కడగాలి, కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పొడి సున్నం పడితే మాత్రం ముందు పొడిగా దులిపేసి ఆ తర్వాతే నీళ్లు పోయాలి. సున్నానికి నీళ్లు తగిలితే ఉడుకుతుందని ఇల్లు కట్టేవాళ్లకు చెప్పనక్కరలేదు.

ఆవిరి గంట (మిర్యాలగూడ):
చేనేత అన్న చెప్పింది నిజం. మా వైపు సిమెంటు పని చేసేవాళ్లకూ ఇదే జరుగుతుంది. తడి సిమెంటు క్షారమే. బూటులో, చేతి తొడుగులో చేరి గంటల తరబడి ఉంటే పుండ్లు పడతాయి. నేను ఉప్పుడు బియ్యం మిల్లులో పని చేస్తాను. ఆవిరితో కాలడం గురించి రాస్తాను, ఇంట్లో కుక్కర్ కూడా అదే కదా. ఆవిరి కంటికి కనబడదు, గాయం చిన్నదిగా కనబడుతుంది. కానీ ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు తనలోని వేడినంతా అక్కడే వదిలేస్తుంది. అందుకే మరిగే నీళ్ల కన్నా ఎక్కువ కాలుస్తుంది. జొన్నరొట్టె పొంగినప్పుడు వేలితో అదిమితే చీలి వచ్చే ఆవిరి కూడా ఇలాంటిదే. వేలి కొస కాలిందని నోట్లో పెట్టుకుంటారు చాలామంది. నోట్లో పెట్టకండి, నీళ్లలో పెట్టండి.

నల్లమల చుక్క (అచ్చంపేట):
చిన్నపిల్లల సంగతి ఎవరైనా చెప్పండి. మా బాబుకు ఏడాదిన్నర. పాకుతూ పోయి పెనం పట్టుకోబోతుంటాడు. మాది కింద పెట్టుకునే పొయ్యి.

వేళ్ల కదలిక (మహబూబ్‌నగర్, ఫిజియోథెరపిస్టు):
చెల్లీ, పొయ్యిని ఎత్తు మీదికి మార్చగలిగితే అంతకన్నా మంచి చికిత్స లేదు. కుదరకపోతే పొయ్యి చుట్టూ అడ్డం కట్టండి. మంట ఆర్పినా పెనం చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దాన్ని అందని చోట పెట్టండి.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో అరచేయి కాలిన వాళ్లు ఉంటారు. వేడి తగిలితే పెద్దవాళ్లు చేయి వెనక్కి లాక్కుంటారు. పసిపిల్లలు లాక్కోవడం ఆలస్యం అవుతుంది, కొందరు పిడికిలి బిగించేస్తారు. వాళ్ల చర్మం పలచన, తొందరగా లోతుకు కాలుతుంది. అరచేయి మానేటప్పుడు మచ్చ ముడుచుకుంటుంది. వేళ్లు లోపలికి వంగిపోతాయి. బిడ్డ పెరుగుతాడు, మచ్చ పెరగదు. తర్వాత ఆపరేషన్ చేసి సరిచేయాల్సి వస్తుంది. అందుకే పసిపిల్లల చేయి కాలితే గాయం ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించండి. చల్లబరిచేటప్పుడు చేతి మీద మాత్రమే నీళ్లు పోయండి, మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. పిల్లల ఒళ్లు తొందరగా చల్లబడిపోతుంది.

పెద్దవాళ్ల విషయంలోనూ చేయి అంటే నాకు పట్టుదల ఎక్కువే. తొడ మీద మచ్చ పడితే మనిషి నడుస్తాడు. చేతి మీద మచ్చ బిగుసుకుంటే ముద్ద కలుపుకోలేడు, బొత్తం పెట్టుకోలేడు. కట్టు కట్టేటప్పుడు ఏ వేలికి ఆ వేలు విడిగా, మధ్యలో గుడ్డ పెట్టి కట్టాలి. కలిపి కడితే పచ్చి చర్మం ఒకదానికొకటి అతుక్కుంటుంది. మొదటి రెండు రోజులు చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. పడుకున్నప్పుడు దిండు మీద పెట్టుకోవాలి, వాపు తగ్గుతుంది. డాక్టరు సరేనన్న రోజు నుంచే వేళ్లు మెల్లగా మడిచి చాపడం మొదలుపెట్టాలి. నొప్పి అని మెడకు గుడ్డ కట్టి చేయి వేలాడదీసి వారాల తరబడి కదపకుండా ఉంచుతారు. గాయం మానుతుంది, చేయి పనికిరాకుండా పోతుంది.

వంటింటి కిటికీ:
20 నిమిషాలు పూర్తయ్యాయి. మంట చాలా తగ్గిందని అత్తమ్మ అంటున్నారు. ఆటో పిలిచాం. ఆసుపత్రికి వెళ్లేదాకా చేతికి ఏం కప్పాలి?

కృష్ణ ఒడ్డు:
కొత్త పాలిథిన్ సంచి ఉంటే చేతిని అందులో ఉంచి, మణికట్టు దగ్గర వదులుగా కట్టండి. గాలి తగలకపోతే మంట తగ్గుతుంది, గాయానికి ఏదీ అంటుకోదు. డాక్టరు విప్పకుండానే చూడగలరు. సంచి లేకపోతే ఉతికిన నూలుగుడ్డ కప్పండి. దూది వద్దు, పీచు అతుక్కుంటుంది. బొబ్బ పగలగొట్టకండి, ఆ పొర ఉన్నంతవరకు లోపలికి మురికి చేరదు. పారాసిటమాల్ ఆమెకు పడుతుందని మీకు ముందే తెలిస్తే ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర వేయండి. వాడుతున్న షుగర్ మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు. 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

పాత బస్టాండు (సూర్యాపేట):
ఇంత హడావిడి ఎందుకు? మందుల షాపులో తెల్ల క్రీము అడిగితే ఇస్తారు. రాసుకుంటే సరిపోతుంది. నేను పేరు రాస్తాను…

చావడి పెద్ద (నిర్వాహకులు):
పై వ్యాఖ్యలో మందు పేరు, మోతాదు తీసేశాను. మీ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ గాయం చూడకుండా మందు రాసే చోటు కాదిది. ప్రథమ చికిత్స వరకే మాట్లాడుకుందాం.

కృష్ణ ఒడ్డు:
ధన్యవాదాలు అండీ. ఆ తెల్ల క్రీము గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, అందరి ఇళ్లలోనూ ఉంటుంది కాబట్టి. అందులో సాధారణంగా ఉండేది సిల్వర్ సల్ఫాడయాజిన్. ఆసుపత్రుల్లో వాడే మందే. డాక్టరు చూడకముందే రాస్తే గాయం మీద తెల్ల పొర కట్టి లోతు తెలియదు. పైపైన కాలిన గాయం దానితో తొందరగా మానకపోగా ఆలస్యం కావచ్చు. సల్ఫా మందులు పడనివారికి అసలే వద్దు.

ఇంట్లో చూసుకోదగ్గ గాయం ఏదో కూడా తెలుసుకోవాలి. ఎర్రగా, మంటగా, బొబ్బ లేకుండా, చిన్నగా ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎంత వైశాల్యం అన్నది రోగి చేత్తోనే కొలుస్తాం. వేళ్లతో సహా ఆ మనిషి అరచేయి ఒంటిలో సుమారు 1 శాతం. గాయం దానికన్నా పెద్దదైతే ఒంటిలో ఎక్కడైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, జననాంగాల మీద బొబ్బలు లేస్తే ఎంత చిన్నదైనా వెళ్లాలి. వేలు చుట్టూ, మణికట్టు చుట్టూ కాలితే ఇంకా తొందరపడాలి. గాయం తెల్లగానో నల్లగానో తోలులా ఉండి నొప్పి తెలియకపోతే చాలామంది పర్వాలేదనుకుంటారు. నరాలు కాలిపోవడం వల్ల నొప్పి తెలియదు, అదే అన్నిటికన్నా లోతైన గాయం. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి వేడి తగిలినట్టే తెలియకపోవచ్చు. కరెంటు షాక్‌తో చేతి మీద చిన్న మచ్చే కనబడినా వెళ్లాల్సిందే. లోపల కండరం కాలి ఉండవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

పిల్లలమర్రి నీడ:
ఖర్చుకు భయపడి ఆగిపోయే వాళ్ల కోసం రాస్తున్నాను. తీవ్రంగా కాలిన గాయాల చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది. 2007లో ఆ పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద గాయమైతే అక్కడి నుంచి హైదరాబాద్ ఉస్మానియాకు పంపుతారు. ముందే చల్లబరిచి కప్పి తీసుకెళ్తే అంత దూరం ప్రయాణం రోగికి తేలికవుతుంది.

వంటింటి కిటికీ:
చూపించాం. బొబ్బలున్న మేర రెండో పొర వరకు కాలిందట. వేళ్లు విడివిడిగా కట్టు కట్టారు, సూది వేశారు, షుగర్ పరీక్ష చేశారు. ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు. ఇంట్లో ఏం గమనించాలి?

కృష్ణ ఒడ్డు:
మొదటి రోజు కన్నా రెండో మూడో రోజు నొప్పి పెరుగుతుంటే, కట్టు చుట్టూ ఎరుపు పాకుతుంటే, వాసన, చీము, జ్వరం ఉంటే చెప్పిన రోజు దాకా ఆగకుండా వెళ్లండి. వేలి కొసలు నీలంగా, చల్లగా, తిమ్మిరిగా మారితే కట్టు బిగుసుకుందన్నమాట, వెంటనే వదులు చేయించాలి. కట్టు తడవనివ్వకండి. షుగర్ అదుపులో లేకపోతే ఎంత మంచి కట్టు కట్టినా గాయం మానదు. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. గాయం ఉంటే పథ్యమని మాంసం, గుడ్డు మాన్పించే అలవాటు మన ఇళ్లలో ఉంది. కొత్త చర్మం కట్టడానికి కావలసినవే అవి.

వేళ్ల కదలిక:
మూడు వారాల లోపు మానితే మచ్చ తక్కువ పడుతుంది. అంతకన్నా ఆలస్యమైతే మాకు చూపించండి. పూర్తిగా మానాక కొత్త చర్మం పొడిబారి దురద పెడుతుంది. అప్పుడు కొబ్బరి నూనె రాసి మెల్లగా మర్దన చేయవచ్చు, డిండి అన్న నాయనమ్మ నూనెకు సరైన సమయం అదే. కొత్త చర్మానికి ఎండ తగిలితే నల్లబడుతుంది, కొన్ని నెలలు కొంగు కప్పుకోమనండి.

డిండి అలుగు:
బాగా చెప్పారు, మా ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను. చివరిగా ఒకటి. బజ్జీల మూకుడులో నూనె అంటుకున్నా, చీరకు మంట అంటుకున్నా నీళ్లే పోయాలా?

ఆవిరి గంట:
మూకుడులో మండే నూనె మీద నీళ్లు అస్సలు పోయవద్దు, మంట పైకప్పు దాకా లేస్తుంది. గ్యాసు ఆపి, మూత పక్క నుంచి జరిపి పూర్తిగా కప్పేయండి. మూకుడును ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి, చేతులు కాలేది అప్పుడే. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

చీర అంటుకుంటే మనిషి పరుగెత్తకూడదు, గాలికి మంట పెరుగుతుంది. వెంటనే నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి నూలు దుప్పటి లేదా గోనె పట్టా కప్పండి. నీళ్లు చేతికి అందేంత దగ్గర్లో ఉంటే పోయండి. మంట ఆరాక దుప్పటి తీసేసి చల్లని నీళ్లు పోయాలి. ఒంటికి అతుక్కుపోయిన గుడ్డను లాగకుండా, చుట్టూ కత్తిరించి వదిలేయండి. ఒకరు నీళ్లు పోస్తుండగా ఇంకొకరు 108కు ఫోను చేయాలి. ఊరి పేరుతో పాటు మండలం పేరు, దగ్గరి బడి లేదా గుడి గుర్తు చెప్పండి. మన జిల్లాల్లో ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉన్నాయి.